వాయవ్యానికి తిరిగే యాంటెన్నా

ఖతర్‌లోని ఉమ్ సలాల్‌లో మేము అద్దెకుంటున్న మేడ మీది వాటాకు ఏసీలు ఐదు, బాత్రూములు మూడు, యాంటెన్నా ఒకటి. ఏసీలనూ బాత్రూములనూ ఇల్లు చూసిన రోజునే యజమాని తలుపులు తీసి మరీ చూపించాడు. యాంటెన్నాను చూపించనక్కర్లేకపోయింది. అది హైవే మీద నుంచే కనిపిస్తుంది. డాబా మీద తాటిచెట్టంత ఇనుప స్తంభం, దాని తల మీద అడ్డంగా అల్యూమినియం పుల్లలు. ఈ ఇంటి పూర్వీకులెవరో తిమింగలాన్ని పట్టి, వండుకు తిని, వెన్నుముల్లును గుర్తుగా నిలబెట్టుకున్నారని మొదటి చూపులో అనుకున్నాను.

స్తంభం మెడ దగ్గర బిందె బోర్లించినట్టు ఒక ఇనుప డొక్కు ఉంది. అందులో మోటారు. ఆ మోటారును నడిపే పెట్టె మాత్రం మా హాల్లో, సోఫా పక్కన ఉంటుంది. పూర్వం మా హాలు ఇంటి మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ అట. పెట్టె పాతకాలపు రేడియోలా ఉంటుంది, బరువుకు పాడిగేదె. మీద ఒక గుండ్రటి అద్దం, అద్దం వెనక ముల్లు, చుట్టూ నాలుగు దిక్కులకు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, కింద ఒక మీట. మీటను ఎటు తిప్పితే డాబా మీద తిమింగలం అటు తిరుగుతుంది. తిరిగేటప్పుడు వచ్చే మూలుగుకు ఉమ్ సలాల్ తోటల్లో ఒంటెలు నెమరు ఆపి తలెత్తుతాయని నా నమ్మకం. వెళ్ళి చూసింది లేదు.

ఆ పెట్టె చరిత్ర నాకు చెప్పింది కింది ఇంటివాళ్ళ డ్రైవరు. జగిత్యాల మనిషి. మీసం సరిగ్గా మొలవని వయసులో ఈ గేటు లోపలికి వచ్చి, గడ్డం నెరిసిపోయినా ఇదే గేటు పక్క గదిలో ఉంటున్నాడు. నేను భాయ్ అంటాను, ఆయన సార్ అంటాడు. ఇద్దరం ఒకరిని ఒకరు సమానంగా వెక్కిరించుకుంటాం.

"ఊర్ల నన్ను ఇప్పటికీ దుబాయోడే అంటరు సార్. ఖతర్ అని చెప్తె, అది దుబాయ్‌ల ఏ మండలం అని అడుగుతరు" అన్నాడొకసారి.

"మరి నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్త. ఉత్తరం దిక్కు మండలం అన్న."

ఫోన్లూ డిష్షులూ రాకముందు ఈ పెట్టే ఈ ఇంటికి ప్రపంచమట. "ఇటు తిప్పితె టీవీల సౌదీ కుస్తీలు, అటు తిప్పితె దుబాయ్‌కెల్లి హిందీ సిన్మ. పెద్ద బాబా ఇక్కడ కూసొని తిప్పుతుండె. మేం డ్రైవర్లం, తోటమాలులం, కిటికీ అవతల నిలవడి సూస్తుంటిమి. ఉక్క పోసే దినాల్ల బొమ్మ సాఫ్ వస్తుండె. చలికాలం వస్తె హీరోయిన్ ఎవరో హీరో ఎవరో ఎర్కయ్యేది కాదు." పెద్ద బాబా అంటే ఇప్పటి యజమాని తండ్రి. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన కుస్తీలు చూసిన స్టేషన్లూ గాలిలోంచి పోయాయి. మోటారుకూ వయసు మీద పడింది. లోపల పళ్ళు అరిగి, ఇప్పుడు పావు చుట్టుకు మించి తిరగదు. అవతలికి తిప్పితే మోకాళ్ళ నొప్పులున్న మనిషిని మెట్లెక్కమన్నట్టు మూలిగి ఆగిపోతుంది.

అయినా ఆ పావు చుట్టు కోసమే స్తంభాన్ని ఉంచారు. ఉంచింది మామా కోసం.

మామా అంటే ఈ ఇంటి పెద్దావిడ, యజమాని తల్లి. ఇక్కడ ఇంట్లో పనిచేసే వాళ్ళందరూ పెద్దావిడను అలాగే పిలుస్తారు. మేమూ అలాగే అంటాం. కింది వాటాలో, సరిగ్గా మా హాలు కింద గదిలో, నాలుగు కాళ్ళ చేతికర్ర పట్టుకుని తిరుగుతుంది. చూపు మందగించింది. చెవులు మాత్రం, మేము పైన వేరుసెనక్కాయ ఒలిస్తే కింద గింజలు లెక్కపెట్టగలవు.

ఆమె పుట్టింది సముద్రానికి అవతల, బహ్రెయిన్‌లో. పెళ్ళికూతురుగా పడవలో వచ్చి అల్ రువైస్ రేవులో దిగింది. ఆ మొదటి రంజాన్‌లో, ఉపవాసం విడిచే వేళ ఏడుపుతో ముద్ద దిగేది కాదట. అది విని అక్క అటు నుంచి చేపల పడవవాళ్ళతో ఒక మాట పంపింది. మన ఊరి అజాన్‌కు నేను మంచినీళ్ళు తాగుతాను, నువ్వూ అప్పుడే తాగు, ఒక్క చాప మీద కూర్చున్నట్టే ఉంటుంది అని.

సూర్యుడు అటుకన్నా ఇటు కాస్త ముందు అస్తమిస్తాడు. తేడా కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలను ఆమె జీవితమంతా పాటించింది. ఇక్కడి మసీదులో అజాన్ వినగానే ఖర్జూరం తింటుంది. దాంతో విధి ప్రకారం ఉపవాసం ముగిసినట్టే. నీళ్ళు మాత్రం ముట్టదు. బహ్రెయిన్ అజాన్ వినిపించేదాకా గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. రేడియో లేని రోజుల్లో అవతల అజాన్ అయిందని ఎలా తెలిసేదని భాయ్ చేత అడిగించాను. ఖర్జూరం గింజను నోట్లోనే ఉంచుకుని నున్నబడేదాకా తిప్పేదట. రేడియో వచ్చాక గింజ బెడద తప్పింది. పెద్ద బాబా యాంటెన్నా తీగను ఆమె గదిలోకి దింపి రేడియోకు తగిలించాడు. రంజాన్ సాయంత్రాలు కుస్తీలు మానేసి అటు తిప్పిపెట్టేవాడు.

ఆయన తరవాత ఆ ఉద్యోగం ఎలాగో నాకు సంక్రమించింది. కంపెనీలో నాకున్న హోదా చెప్పుకుంటే విజిటింగ్ కార్డుకు రెండు వైపులూ చాలవు. అక్కడ నేను మీట నొక్కితే కదిలేది ఒక్కటీ లేదు. ఇక్కడ వేలితో తిప్పితే తిమింగలం కదులుతుంది. ఏటా రంజాన్ నెలంతా సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పకుండానే పెట్టె ముందు కూర్చునేవాణ్ణి. గాలికి స్తంభం రోజూ కాస్త పక్కకు జరిగేది. భాయ్ మామా గది కిటికీ బయట నిలబడి పైకి కేకేసేవాడు. "ఇంకింత, ఇంకింత సార్, బస్." నేను ఆపేవాణ్ణి. కింద గరగరల మధ్యలో ఎక్కడిదో సన్నని అజాన్ వినిపించేది. అంతే నా పని. అయితే అది అయ్యాక నా భార్య చేతి కాఫీ తాగుతుంటే, నౌకను ఒడ్డుకు చేర్చిన కెప్టెన్ కూడా ఇంత దర్జాగా కాఫీ తాగి ఉండడనిపించేది.

పోయిన ఏడాది రంజాన్ ముగిసిన కొన్నాళ్ళకు బహ్రెయిన్‌లో ఆ అక్క పోయింది. ఆ సమయానికి మామా ఆసుపత్రిలో ఉంది. వెళ్ళలేకపోయింది.

ఈ ఏడు రంజాన్ ఇంకా దగ్గరపడకముందే డాబా కారడం మొదలైంది. శీతాకాలంలో పడిన ఒక్క వానకు మా పడగ్గది పైకప్పు మీద ఆఫ్రికా ఖండం పటం ఏర్పడింది. వాటర్‌ప్రూఫింగ్ మనుషులొచ్చి చూసి, నీళ్ళు దిగుతున్నది స్తంభం నాటిన చోటేనని తేల్చారు. యజమాని, అంటే మామా కొడుకు, మంచివాడు. నాకంటే చిన్నవాడు, అమ్మ మాటకు అడ్డం చెప్పని మనిషి. ఆయన డాబా మీద నా పక్కన నిలబడి, అవతల నీళ్ళు తాగే మనిషే లేనప్పుడు ఇక స్తంభం ఎందుకని నెమ్మదిగా అన్నాడు. అమ్మకు పలక లాంటి పెద్ద ఫోను కొనిచ్చాననీ, బహ్రెయిన్ స్టేషన్ దాన్లో ఏ గరగరా లేకుండా వస్తుందనీ చెప్పాడు.

ఆ పలక సంగతి భాయ్ తరవాత చెప్పాడు. "మామా దాన్ని పరీక్ష పెట్టింది సార్. గండ్ల ముందుగాల ఖతర్ స్టేషన్ పెట్టమన్నది. మన మజీద్ల అజా సగం అయినంక అది షురూ చేసింది. ఇంటర్నెట్ల తిరిగొస్తది గద, లేటు. మామా ఏమన్నదంటె, దీని కన్న నేనే జెల్ది నడుస్త అన్నది."

"అక్క లేరు కదా భాయ్. అర నిమిషం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

భాయ్ గేటు పక్క నీళ్ళ కుండ మూత సరిచేశాడు. "నేను గూడ గదే అన్న సార్. అక్క ఉన్నప్పుడు లేటైతె ఫోన్ల తిట్టుకునేటోళ్ళు, నువ్వు ముందు తాగినవ్, నువ్వు ముందు తాగినవ్ అని. ఇప్పుడు తిట్టెటోళ్ళు లేరు. గందుకే నేనే సరీగ తాగాలె అన్నది."

తల్లికీ కొడుకుకూ మధ్య చివరికొక ఒప్పందం కుదిరింది. వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళు స్తంభం పీకి, కింద పని చేసి, తిరిగి నిలబెడతారు. రంజాన్ మొదటి రోజు సాయంత్రం రేడియోలో బహ్రెయిన్ అజాన్ వచ్చిందా, స్తంభం ఉంటుంది. రాలేదా, మర్నాడే తీసేసి ఆ రంధ్రాన్ని శాశ్వతంగా పూడ్చేస్తారు. పూడ్చే జిగురు డబ్బా డాబా మీద ఓ మూల సిద్ధంగానే ఉంచారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఉద్యోగం పోయేవాడి చేతికి ముందుగానే అందిన పూలదండలా అనిపించేది.

స్తంభం తిరిగి నిలబెట్టిన రోజున భాయ్ లేడు, మామాను ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను సెలవు పెట్టి మరీ డాబా మీద పర్యవేక్షణకు నిలబడ్డాను. స్తంభాన్ని పైకెత్తి పట్టుకున్న నలుగురు పనివాళ్ళు, మొహం ఎటు అని హిందీలో అడిగారు. పీకేటప్పుడు గుర్తు పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. పటం ప్రకారం మాకు బహ్రెయిన్ వాయవ్యం. అంతవరకు నాకు తెలుసు. మెట్ల మీద నుంచి మా ఆవిడను పిలిచాను.

"వాయవ్యం ఎటే?"

"గెస్టు బాత్రూం మూల." కూర తిప్పుతున్న గరిటె పట్టుకునే పైకి వచ్చి, దానితోనే చూపించింది. "ఆ మాత్రం తెలీదా? వంటిల్లు ఆగ్నేయం, దానికి ఎదురు మూల వాయవ్యం. ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నారు, అతిథిలాగ."

మా ఇంట్లో దిక్కులు ఆమె శాఖ. మేము ఈ ఇల్లు తీసుకునే ముందు వాళ్ళ ఊరి సిద్ధాంతిగారి అనుమతి పొందాం. ఇల్లంతా ఫోనులో వీడియో తీసి పంపితే, ఆయన చూసి, ఇది ఆగ్నేయపు వంటిల్లు, ఇది నైరుతి పడకగది, తల దక్షిణానికి పెట్టి పడుకోండి, దివ్యంగా ఉంది, దిగిపొండి అన్నారు. అంత గట్టి మాట ఉన్నాక ఇక కంపాస్ చూసేవాడెవడు. పనివాళ్ళకు గెస్టు బాత్రూం మూల చూపించాను. తిమింగలం మూతి అటు తిప్పి బోల్టులు బిగించారు. పెట్టెలో ముల్లు కూడా వాయవ్యం మీదే నిలిచింది. మనసుకు అంత ప్రశాంతత నాకు పెళ్ళినాడు కూడా లేదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక, పరీక్షగా చూద్దామని మామా రేడియో పెట్టించింది. రంజాన్ ఇంకా మొదలవలేదు కాబట్టి తొందరేమీ లేదు. నేను పైన పెట్టె దగ్గర కూర్చున్నాను. పడమటి గాలి కూడా లేదు. కింద భాయ్ రేడియో ముల్లును బహ్రెయిన్ స్టేషన్ గీత దగ్గర పెట్టగానే, గరగర లేకుండా, పక్కింట్లోంచి వచ్చినంత స్పష్టంగా అజాన్ వచ్చింది. నేను మీట వదిలి లేచి నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ఏమిటా నవ్వు అంది.

ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కింద రేడియో టక్కున ఆగిపోయింది. కాసేపటికి భాయ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"సార్, ఏం తిప్పిన్రు?"

"ఏం? వచ్చింది కదా, గంటలాగ."

"అచ్చింది. మన మజీద్ల అజా ఇంక కాలేదు సార్."

నేను కిటికీలోంచి చెవి పెట్టాను. నిజమే. బయట ఇంకా ఎండ పొడ ఉంది. మసీదు మైకు మూగగా ఉంది.

"మామా ఏమంటున్నదంటె, అక్క ఊర్ల సూర్యుడు నా సూర్యునికన్న ముందుగాల ఎన్నడు మునగలే, ఇప్పుడు గూడ మునగడు అంటున్నది. ఇది దుబాయ్ దిక్కు అజా అంటున్నది. ఇది విని రేపు ఉపాసం నాడు నీళ్ళు తాగితె నా రోజా పోతుండె గద అని..." ఆగాడు. "కోపం లేదు సార్. ఏడుస్తున్నది."

సూర్యుడు మాకంటే ముందు మునిగేది తూర్పునున్న దేశాల్లో. అంటే వాయవ్యంలో పెట్టాననుకున్న తిమింగలం ఆగ్నేయంలోకి మూతి పెట్టి, అదే గీత మీదున్న ఇంకో దేశపు స్టేషన్‌ను పట్టింది. ఇది ఎలా జరిగిందో అర్థంకాక పెట్టెను రెండు చేతులా ఊపాను. చివరికి భాయ్, "పైకి పోదాం పాండ్రి సార్, సూర్యుడు ఇంక ఉన్నడు" అన్నాడు.

ముగ్గురం డాబా మీదికి వెళ్ళాం. మా ఆవిడ గరిటె వదల్లేదు. ఖతర్‌లో ఇన్నేళ్ళున్నా, ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి, కారులోంచి ఆఫీసులోకి తిరిగే నాకు, సూర్యుణ్ణి నెత్తి మీద తప్ప ఇంకోచోట చూసిన గుర్తు లేదు. వంటింటి మూలకు ఇవతల, మా సిద్ధాంతిగారు తూర్పు అని చెప్పిన దిక్కున, దుమ్ములో ఎర్రగా, తాపీగా, సూర్యుడు కిందికి దిగుతున్నాడు.

మా ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏవండీ. ఉదయిస్తున్నాడా?"

"లేదు. అస్తమిస్తున్నాడు. తూర్పున."

భాయ్ అటు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. "మేడం, కిబ్లా గూడ గా పక్కకే. నేను రోజుకు అయిదు సార్లు అటే మొక్కుతున్న."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నయ్యగారూ?"

"మీరు అడగలే మేడం. మీ ఇంట్ల తూర్పు ఎటుంటే నాకేంది అనుకున్న."

అప్పుడు బోధపడింది. ఇల్లు చూపించే ఆ వీడియో మేము డ్యూటీ అయ్యాక సాయంత్రం తీశాం. దాంట్లో కిటికీలోంచి కిందికి దిగిన సూర్యుడు కనిపిస్తాడు. సిద్ధాంతిగారు మర్నాడు పొద్దున్నే పూజ చేసుకుని, కాఫీ తాగి, ఫోను తెరిచి చూశారు. వీడియోలో వంగిన సూర్యుణ్ణి చూసి, ఇది ఉదయభానుడు, ఇది తూర్పు అని నిర్ణయించారు. సాయంత్రం అనే ఒక్క మాట మేము పెట్టలేదు, సాయంత్రమేమో అనే అనుమానం ఆయనకు రాలేదు. మిగిలిన దిక్కులన్నీ దాని వెంటే తల్లకిందులయ్యాయి. వంటిల్లు ఇన్నేళ్ళూ వాయవ్యంలో ఉంది. మేము ఇన్నేళ్ళూ ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాం. మా ఆవిడ ఇన్నాళ్ళ నా ప్రమోషన్లూ తన మోకాళ్ళూ పిల్లాడి లెక్కల మార్కులూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. తరవాత ఫోను చేస్తే సిద్ధాంతిగారు, వాయవ్యపు వంటిల్లు కూడా శాస్త్రసమ్మతమేనమ్మా, మంచం మాత్రం తిప్పుకోండి అన్నారట. మంచం తిప్పాం. ఆఫ్రికా ఖండం ఇప్పుడు నా పాదాల మీద ఉంది.

స్తంభాన్ని తిప్పడం మంచమంత సులువు కాలేదు. మోటారు పావు చుట్టే తిరుగుతుంది, మాకు కావలసింది అర చుట్టు. శుక్రవారం నమాజ్ అయ్యాక భాయ్, నేను పైకెక్కి బోల్టులు వదులు చేసి, తిమింగలాన్ని చేతులతో పట్టుకుని తిప్పాం. భాయ్ కిబ్లాకు, అంటే మక్కా వైపు, నిలబడి కుడిభుజం వైపు చూపించాడు, నేను ఫోనులో పటం చూసి ఔనన్నాను. ఇద్దరం చెప్పింది కలిశాకే బోల్టులు బిగించాం. ఒక బోల్టు మర అరిగిపోయి సగంలో ఆగింది. ఏషియన్ టౌన్ బజారు దాకా వెళ్ళి దాని వంటిది ఇంకొకటి తెచ్చి వేశాం. దాని పట్టు మీద మాకు నమ్మకం లేదు.

ఆ తరవాత సాయంత్రాలు పరీక్షిస్తే, బహ్రెయిన్ ఒకరోజు వచ్చింది, ఒకరోజు రాలేదు. వచ్చిన రోజున కూడా రేడియో గొంతులో పీచు అడ్డం పడ్డట్టుండేది. భాయ్ చలికాలాన్ని తిట్టాడు. పొడిగాలిలో అవతలి తీరం దూరమైపోతుందట. నేను బోల్టును తిట్టాను.

రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నం నుంచే షమాల్ లేచింది. షమాల్ అంటే ఉత్తరం నుంచి వచ్చే దుమ్ముగాలి. ఖతర్‌లో ఎడారి ఇల్లు మారాలనుకున్న రోజున వీస్తుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కారు తెల్లది పసుపైంది. డాబా మీద స్తంభం గాలికి వణుకుతూ ఒకటే కూత. ఆ సాయంత్రం యజమాని భార్యాపిల్లలతో కింద తల్లి దగ్గరికే ఇఫ్తార్‌కు వచ్చాడు. దారిలో నన్ను చూసి తల పంకించాడు. ఆ తల పంకింపులో కోపం లేదు, దయ ఉంది. నాకు కోపమే నయమనిపించింది.

పెట్టె ముందు కూర్చున్నాను. మా ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి పక్కన నిలబడింది. కిటికీ తలుపు తీసిపెట్టాను, సోఫా మీద ఇసుక రాలుతోంది. ఇక్కడి మసీదు అజాన్ మొదలైంది, గాలి దాన్ని ముక్కలుముక్కలుగా మోసుకొచ్చింది. కింద ఖర్జూరం తిని ఉంటారు. మామా గ్లాసు చేతికి తీసుకుని ఉంటుంది. ఇక నాకున్నవి ఆ కొద్ది నిమిషాలే.

మీట తిప్పాను. పైన మోటారు మూలిగింది. కింద రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

"రాలే సార్" అన్నాడు భాయ్ కింది నుంచి. "ఇంకింత."

ఇంకింత తిప్పాను. గరగర.

"ఇంకింత."

ముల్లు పావు చుట్టు అంచుకు వచ్చింది. మోటారు గిజగిజలాడి నిలిచిపోయింది. పైన టక్కుమని బోల్టు జారింది. స్తంభం ఎంత జరిగిందో తెలియదు. ముల్లు చూపిస్తున్న దిక్కుకూ తిమింగలం చూస్తున్న దిక్కుకూ ఇక పొంతన లేదు. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ముల్లు చూడకండి, చెవితో తిప్పండి" అంది. అద్దం మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది.

నేను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను, గోరంత చొప్పున. గరగర. ఒక పాట ముక్క, మళ్ళీ గరగర. ఎవరో ఏదో వార్త చదువుతున్నట్టు. మళ్ళీ గరగర. కిందినుంచి భాయ్ గొంతు రావడం ఆగిపోయింది. ఇంకా గోరంత.

"ఆగు."

భాయ్ గొంతు కాదు. ముసలి గొంతు, అరబ్బీ యాసలో. ఇన్నేళ్ళలో మామా నోట తెలుగు మాట నేను వినలేదు. గేటు పక్క గదిలోంచి ముప్పై ఏళ్ళపాటు విన్న భాషలోంచి ఆ మాటను ఎప్పుడు ఏరుకుందో.

"ఆగు, ఆగు."

మీట మీద నుంచి చెయ్యి తీశాను. మోటారు మూలుగు చచ్చింది. ఆ నిశ్శబ్దంలో, గాలి కూతకూ రేడియో గరగరకూ మధ్య, నూతిలోంచి పిలిచినట్టు సన్నగా అజాన్ నడుస్తోంది. కింద గాజు గ్లాసును పళ్ళెంలో పెట్టిన చప్పుడు వినిపించింది.

నేను మా ఆవిడ మొహం చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "దుమ్ము" అంది. నిజంగానే దుమ్ము చాలా ఉంది.

తరవాత మెట్ల మీద యజమాని ఎదురయ్యాడు. చేతులు తుడుచుకుంటూ డాబా వైపు వెళ్తున్నాడు. జిగురు డబ్బా కోసమేమోనని వెనకే వెళ్ళాను. ఆయన దాన్ని ఎత్తి, మూత గట్టిగా బిగించి, కారు డిక్కీలో పెట్టుకోవడానికి కిందికి తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ, రేపు ఒక మంచి వెల్డరును పంపుతాను, ఆ బోల్టు జోలికి మీరిద్దరూ ఇంక వెళ్ళకండి అన్నాడు.

నేను మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి భాయ్ వచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఒక గ్లాసు నీళ్ళు.

"మామా పంపింది సార్. ఒక్కదాన్ని తాగితె ఎట్లనో ఉన్నదట. ఇయ్యాల్టికెల్లి ఈ అజాకు నువ్వు గూడ పైన తాగమన్నది."

"నేను ఉపవాసం లేను కదా భాయ్. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాను. ఇప్పటిదాకా నాలుగు టీలు తాగాను."

"చెప్పిన. ఆమెకు ఎర్కే. ఉపవాసం నేనుంట, నీళ్ళు మాత్రం ఇద్దరం తాగాలె అన్నది."

గ్లాసు చల్లగా ఉంది. అంచు మీద ఇసుక నలుసొకటి. దాన్ని వేలితో తీసేసి, నిలబడే తాగబోతుంటే, మా ఆవిడ పెట్టె పక్కన చాప పరిచి, నా చొక్కా పట్టి కిందికి లాగింది. చాప మీద కూర్చుని తాగాను.